వేట మానిన రాజు



అశోకుడి గురించి బడిలో మనకు నేర్పింది ఒకే ఒక్క వాక్యం. రోడ్డుకు రెండు పక్కలా చెట్లు నాటించాడని. పరీక్షలో రాస్తే మార్కులు పడేవి. పెద్దయ్యాక అదే వాక్యం జోకైపోయింది. ఎవరైనా చరిత్ర ఎత్తితే చాలు, పక్కనున్నాయన అశోకుడి చెట్లు గుర్తుచేసి నవ్విస్తాడు. నవ్వుకుంటే నవ్వుకుందాం గానీ, ఆ చెట్లు ఎవరి కోసమో మనకు సగమే చెప్పారు. బాటసారుల కోసం అన్నారు. ఆయన చెక్కించింది పశువులకూ మనుషులకూ అని. ఆ ప్రాకృత మాటలో పశువే ముందుంది, మనిషి దాని వెనక ఉన్నాడు.

ఆ శాసనం చూడ్డానికి మీరు పాట్నా దాకా పోవాల్సిన పని లేదు. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో ఎర్రగుడి ఉంది. ఆ ఊరి దగ్గర గుట్ట మీద బండలకు చెక్కి ఉంది. పద్నాలుగు పెద్ద శాసనాలు, రెండు చిన్న శాసనాలు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పద్నాలుగూ ఉన్న చోటు ఇదొక్కటే. పత్తికొండకు దగ్గర్లోనే రాజులమందగిరిలో చిన్న శాసనాలు మళ్లీ కనిపిస్తాయి. ఇక జొన్నగిరి. తొలకరి వాన పడగానే వజ్రం దొరుకుతుందేమోనని జనం తలలు వంచుకుని చేలల్లో తిరిగే ఆ జొన్నగిరే మౌర్యుల దక్షిణ రాజధాని సువర్ణగిరి అని చాలామంది చరిత్రకారులు అంటారు. మాస్కి అనేవాళ్లూ, కనకగిరి అనేవాళ్లూ ఉన్నారు. ఆ తగువు మనకొద్దు. నీడ విలువ బాగా తెలిసిన నేల మీద ఆ రాజు నీడ గురించి చెక్కించాడు, మనకు అది చాలు.

ఇంతకీ ఎవరీయన? చంద్రగుప్తుడి మనవడు, బిందుసారుడి కొడుకు. రాజుకాక ముందు ఉజ్జయినిలో పాలన చూశాడని బౌద్ధ గ్రంథాలు చెప్తాయి. క్రీ.పూ. 268 ప్రాంతంలో పట్టాభిషేకం అయింది. దానికోసం తొంభై తొమ్మిది మంది అన్నదమ్ముల్ని చంపాడనీ, చండాశోకుడని పేరుండేదనీ కథలున్నాయి. నాకు ఈ కథ నమ్మబుద్ధి కాదు. రాజైన ఎన్నో ఏళ్లకు వేయించిన శాసనంలో తన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల ఇళ్ల బాగోగుల గురించి ఆయన మాట్లాడుతున్నాడు. అయినా ఆయన్ని చెడ్డవాడని చూపించడానికి కట్టుకథ ఎందుకు? తను చేసింది తనే బండ మీద చెక్కించాడు కదా.

పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు కళింగ మీదికి పోయాడు. లక్ష మంది యుద్ధంలో చచ్చారు. లక్షన్నర మందిని పట్టుకుపోయారు. ఇంకా ఎన్నో రెట్లు మంది ఆ దెబ్బకు పోయారు. ఈ లెక్క ఇచ్చింది ఓడినవాళ్లు కాదు, గెలిచిన రాజు. కళింగ దేశంలోని ధౌలి, జౌగడ బండల మీద ఈ శాసనం లేదు. అక్కడ ఆ గాయం మాట ఎత్తలేకపోయాడేమో. మన ఎర్రగుడి బండ మీద ఉంది. ధమ్మం చేరిన జనాల పేర్లు చెప్తూ ఆంధ్రుల పేరు కూడా అందులోనే చెప్పాడు.

యుద్ధభూమిలో ఒక రాత్రి నిలబడి, శవాలను చూసి, కత్తి పారేసి, తెల్లారేసరికి బౌద్ధుడైపోయినట్టు సినిమాల్లో చూస్తాం. ఎర్రగుడి చిన్న శాసనం చెప్పేది వేరే. ఉపాసకుడినై రెండున్నరేళ్లు దాటింది, అందులో మొదటి ఏడాది నేను గట్టిగా పూనుకోలేదు అని రాజు ఒప్పుకుంటాడు. సంఘానికి దగ్గరయ్యాక, ఏడాదికి పైగా, పట్టుదలగా సాగుతున్నానని చెప్తాడు. మీలో ఎంతమంది ధ్యానం మొదలుపెట్టి పది రోజులకు వదిలేశారో, ఉపోసథం నాడు ఇవాళొక్క రోజుకు పోనీలే అనుకున్నారో ఆలోచించండి. అంత పెద్ద చక్రవర్తి ఏడాది పాటు బద్ధకించానని దేశమంతా చాటించుకున్నాడు! అదే శాసనంలో ఇంకో మాట ఉంది. ఈ సాధన ఫలం గొప్పవాళ్లకే దక్కేది కాదు, చిన్నవాడు కూడా పూనుకుంటే అందుకోగలడని. ఈ శాసనం చివర 256 అనే అంకె ఉంది. పర్యటనలో గడిపిన రాత్రుల లెక్క అని పండితులు దాన్ని చదివారు. అంటే ఇంటి పట్టున ఉండి చెప్పిన మాట కాదు. ఊళ్లు తిరుగుతూ చెప్పిన మాట.

ఆ తిరుగుడు గురించే నేను మీతో మాట్లాడాలనుకుంటున్నది.

అంతకు ముందు రాజులు విహార యాత్రలకు పోయేవాళ్లు. విహారం అంటే ముఖ్యంగా వేట. పట్టాభిషేకమైన పదేళ్లకు అశోకుడు బుద్ధుడికి జ్ఞానోదయమైన బోధివృక్షం దగ్గరికి పోయాడు. అప్పటి నుంచి వేట యాత్రలు ధమ్మ యాత్రలయ్యాయి. శ్రమణులను, బ్రాహ్మణులను చూడడం, ముసలివాళ్లను కలవడం, పల్లెల్లో జనంతో కూర్చుని మాట్లాడడం. ఇది ఎనిమిదో శాసనంలో ఉంది. అక్కడ ఆయన చెప్పిన సంగతిని మనం గమనించకుండా దాటేస్తాం. ఈ యాత్రల్లో తనకు మునుపటి కంటే ఎక్కువ ఆనందం దొరుకుతోందంటాడు. త్యాగం చేశానని గొప్పలు చెప్పుకోలేదు. సుఖం తగ్గిందని ఏడవలేదు.

వేటగాడికి చూపు మెండుగా ఉంటుంది. గాలి ఎటు వీస్తోంది, గడ్డి ఎక్కడ నలిగింది, జింక ఏ వేళకు నీళ్లకు వస్తుంది, ఇవన్నీ తెలిస్తేనే వేట. మన నల్లమల చెంచులను అడగండి, లంకమల అంచున ఉన్న పల్లెల్లో అడగండి, ఈ చూపు అంటే ఏంటో చెప్తారు. అశోకుడికీ ఆ చూపు ఉండే ఉంటుంది. వేట మానేశాక ఆ చూపు ఎటు పోయింది? నా ఆలోచనలో అది అట్లాగే ఉండిపోయింది, చేతిలో బాణమొక్కటే లేకుండా పోయింది. చంపాలన్న ఆత్రం లేకుండా ఒక ప్రాణిని అంతసేపు చూస్తే మనసు ఏమవుతుందో మీరే చూసుకోవచ్చు. బౌద్ధం దీన్నే సతి అంటుంది, ఎరుక అంటుంది. శ్వాసను గమనించడం ఒక దారి. ఎదురుగా వేపచెట్టు మీద ఉడుతను గమనించడం కూడా ఆ దారికి ఆనుకునే ఉంటుంది.

ఆ చూపు ఎట్లా పెరిగిందో శాసనాల్లో తేదీలతో సహా కనబడుతుంది. మొదటి శాసనం వంటింటి లెక్క. ఒకప్పుడు రాజుగారి వంటశాలలో కూర కోసం రోజూ లక్షల ప్రాణులు పోయేవట. ఈ శాసనం రాసే నాటికి మూడే పోతున్నాయి. రెండు నెమళ్లు, ఒక జింక. ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు. ముందు ముందు ఈ మూడూ ఉండవు. నాకు ఈ శాసనం ఎంత ఇష్టమంటే, ఇందులో సోకు లేదు. నేను అంతా మానేశానని అబద్ధం చెప్పి చెక్కించుకున్నా అడిగే దిక్కు లేదు. ఇంకా రెండు నెమళ్లు మిగిలాయని చెప్పాడు.

పట్టాభిషేకమైన ఇరవై ఆరేళ్లకు వేయించిన స్తంభ శాసనం చూడండి. ఇది మన దగ్గర లేదు, ఉత్తరాది స్తంభాల మీద ఉంది. చంపకూడని ప్రాణుల పట్టిక. చిలుక, గోరువంక, చక్రవాకం, గబ్బిలం, రాణి చీమ, తాబేలు, ముళ్లపంది, ఉడుత, పావురం, ఇట్లా సాగుతుంది. కొన్ని పేర్లు ఏ ప్రాణివో ఇప్పటికీ పండితులకు తేలలేదు. పిల్లలతో ఉన్న, పాలిస్తున్న మేకనూ గొర్రెనూ పందినీ చంపొద్దు. ఆరు నెలలు నిండని పిల్లల జోలికి పోవద్దు. పురుగులున్న పొట్టుకు నిప్పు పెట్టొద్దు. ఊరికే అడవిని తగలబెట్టొద్దు. ఉపోసథం రోజుల్లో చేపలు పట్టొద్దు, అమ్మొద్దు. మొదట్లో నెమలీ జింకా అని లెక్కపెట్టిన మనిషి ఇప్పుడు పొట్టులో ఉన్న పురుగు దాకా వచ్చాడు. నెమలిని ఎవరైనా చూస్తారు, అందంగా ఉంటుంది కాబట్టి. గబ్బిలాన్ని ఎవరు చూస్తారు? చీమల్లో రాణి ఏదో ఎవరికి తెలుసు? ఇరవై ఏళ్ల సాధన అంటే ఇది.

బుద్ధుడి కాలం నుంచీ సంఘంలో ఉన్న అలవాటే ఇది. వానాకాలంలో భిక్షువులు తిరుగుతూ పచ్చగడ్డిని, చిన్నచిన్న పురుగులను తొక్కేస్తున్నారని జనం నొచ్చుకుంటే, ఆ నెలలు ఒకచోటే ఉండమని బుద్ధుడు వర్షావాసం పెట్టాడు. పాదం కింద ఏముందో చూసుకోవడంతోనే ధమ్మం మొదలైంది.

మరి మీ సంగతి? మీ ఇంటి చుట్టూ తిరిగే ప్రాణుల్లో పదింటి పేర్లు చెప్పగలరా? కర్నూలు కొత్త కాలనీల్లో ఉన్నా, ప్రొద్దుటూరులో ఉన్నా, కాకీ పావురం పిచ్చుకా దాటాక చాలామంది ఆగిపోతారు. మీ అవ్వను అడగండి. తీతువు, కంజు, పూరేడు, బెళ్లగువ్వ, పాలపిట్ట అని గుక్క తిప్పుకోకుండా చెప్తుంది. పేరు తెలియని దాన్ని మనం చూడం. చూడనిది పోయినా మనకు తెలియదు. కలివికోడి అట్లాగే పోయిందనుకున్నారు. 1848లో జెర్డన్ అనే తెల్లదొర మొదట దాని గురించి రాశాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. 1986లో మన కడప జిల్లా ముళ్లపొదల్లో మళ్లీ దొరికింది. దాని కోసం లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. రోళ్లపాడులో బట్టమేక పిట్ట ఉండేది, ఇప్పుడు కనబడ్డం గగనం. అశోకుడు ఈ సీమలో పట్టిక రాయించి ఉంటే ఈ రెండు పేర్లూ ఉండేవని నా నమ్మకం.

ఇంకో ముచ్చట చెప్పాలి. మన వైపు గొర్రెలనూ మేకలనూ కలిపి ఏమంటాం? జీవాలు. జీవాలు తోలుకుపోయినాడు అంటాం, జీవాలకు మేత లేదు అంటాం. ఎర్రగుడి మొదటి శాసనం మొదట్లోనే జీవం అన్న మాట ఉంది, ఏ జీవాన్నీ బలి ఇవ్వొద్దని చెప్పే చోట. రెండువేల రెండు వందల ఏళ్లకు పైబడింది. ఆ మాట బండ మీద ఉంది, మన కాపరి నోట్లోనూ ఉంది. మందలో వంద ఉన్నా ఏది ఏ తల్లి పిల్లో మొహం చూసి చెప్పే కాపరిని మీరు చూసే ఉంటారు. ఏది కుంటుతోంది, ఏది పొద్దున్నుంచి నెమరు వేయడం లేదు అని దూరం నుంచే పసిగడతాడు. ధ్యానం నేర్పే పెద్దలు దేన్ని నేర్పాలని చూస్తున్నారో అందులో సగం అతనికి బతుకే నేర్పింది.

అయితే ఇక్కడ ఒక మోసం జరుగుతుంది, జాగ్రత్తగా వినండి. జీవాల మీద దయ చూపించి, వాటిని మేపే మనిషిని గడప బయటే నిలబెట్టే ఆచారం మన ఊళ్లలో ఉంది. చచ్చిన పశువును మోయించి, మోసినవాణ్ణి అంటరానివాడన్నారు. కుక్కకు పళ్లెంలో పెట్టి, జీతగాడికి ఆకులో వేశారు. అశోకుడి తొమ్మిదో శాసనం చూడండి. పెళ్లిళ్లకూ పుట్టుకలకూ ప్రయాణాలకూ జనం చేసే తంతుల వల్ల ఒరిగేది తక్కువ అంటూ, అసలైన తంతు ఏదో చెప్తాడు. దాసులతో, నౌకర్లతో సరిగ్గా మసలుకోవడం. పెద్దలను గౌరవించడం. ప్రాణుల పట్ల నిగ్రహం. పనిమనిషీ ప్రాణీ ఒకే వరసలో ఉన్నారు, పనిమనిషే ముందున్నాడు. ఎవరైనా మీకు జీవకారుణ్యం బోధిస్తే, వాళ్లింట్లో పనిచేసే ఆమె ఏ గ్లాసులో తాగుతుందో ఒకసారి చూసి రండి.

అశోకుణ్ణి దేవుణ్ణి చేయడం కూడా నాకు ఇష్టం లేదు. కళింగ నుంచి పట్టుకుపోయిన లక్షన్నర మందిని వెనక్కి పంపినట్టు ఏ శాసనమూ చెప్పదు. అడవి జనాలకు, దారికి రాకపోతే తన బలం ఇంకా తగ్గలేదని ఒక బెదిరింపు ఉంది. మరణశిక్ష తీసేయలేదు, మూడు రోజుల గడువు ఇచ్చాడు అంతే. చీమను చూడగలిగిన కళ్లు అడవి మనిషిని పూర్తిగా చూడలేకపోయాయి. ఇది దాచిపెట్టి ఆయన్ని పొగిడితే ఆయన చెక్కించిన నిజాయితీకే అవమానం.

చివరి స్తంభ శాసనంలో తన పనిని తనే తూకం వేసుకున్నాడు. ధమ్మం రెండు విధాల పెరిగింది, నియమాలు పెట్టడం వల్ల కొంత, జనం తమకు తాము ఆలోచించుకుని ఒప్పుకోవడం వల్ల ఎక్కువ అని. అంత పెద్ద పట్టిక వేసి, మరుసటి ఏడాదే, ఆర్డర్ల వల్ల అయ్యేది తక్కువే అని ఒప్పుకున్నాడు. కాబట్టి నేను మీకు నియమాలు పెట్టను. అడుగుతాను.

ఈ ఎండాకాలం, నలభై డిగ్రీలు దాటిన రోజుల్లో, మిద్దె మీదో గోడ పక్కనో మట్టి చిప్పలో నీళ్లు పెట్టండి. పెట్టి వచ్చేయకండి. సాయంత్రం ఫోన్ లోపల పెట్టి పావుగంట అక్కడ కూర్చోండి. మొదటి రెండు రోజులు ఏదీ రాదు, లేదా వచ్చినా మీకు కనబడదు, ఎందుకంటే మీ మనసు అప్పు దగ్గరో ఆఫీసు దగ్గరో ఉంటుంది. మనసు అటు పోయిందని తెలిసినప్పుడు దాన్ని చిప్ప దగ్గరికి తెచ్చుకోండి. శ్వాస దగ్గరికి తెచ్చుకున్నట్టే. మూడో రోజో నాలుగో రోజో ఒక గోరువంక వస్తుంది. ముందు చుట్టూ చూస్తుంది, మిమ్మల్ని చూస్తుంది, తర్వాత ముక్కు ముంచి తల పైకెత్తుతుంది. ఆ కాసేపు మీ అప్పు ఎక్కడికీ పోలేదు, కానీ మీరు దాని కింద లేరు. దీనికి రూపాయి ఖర్చు లేదు. మీ అప్పు తీరుతుందని, బోరు పడుతుందని నేను చెప్పడం లేదు. అట్లా చెప్పేవాళ్లు మన సీమలో ఇప్పటికే చాలామంది ఉన్నారు.

పల్లెలో ఉన్నవాళ్లు ఇంకో పని చేయండి. ఉపాధి హామీలో కట్టిన పశువుల నీటి తొట్టి మీ ఊళ్లో ఉందా? అందులో నీళ్లున్నాయా, తుమ్మ మొలిచిందా? నీళ్లు లేకపోతే సచివాలయానికి పోయి అడగండి. మనుషులకూ పశువులకూ వైద్యం, మందుచెట్లు, బావులు, నీడ, ఇవన్నీ అశోకుడు సర్కారు పనులుగా రాయించాడు. చిన్న శాసనంలో రజ్జుకులకు ఆజ్ఞ పోయింది, వాళ్లు భేరీ మోగించి పల్లె జనానికి చెప్పాలి. తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణుల మీద దయ ఉంచండి, నిజం చెప్పండి అని. ఏనుగులు నడిపేవాళ్లకూ, రాతగాళ్లకూ కూడా ఆ ఆజ్ఞ ఉంది. రాతగాడికి అక్కడ వాడిన మాట కారణకుడు, వింటే మన కరణం గుర్తొస్తాడు. దయ మన మనసులో ఉంటే సరిపోదు, దానికి ఒక తొట్టి, ఒక బావి, ఒక పశువుల డాక్టరు కావాలి. కరువొచ్చి గడ్డివామి ఖాళీ అయిన ఏడాది ఎద్దులను సంతకు తోలిన రైతు ముందు నిలబడి మైత్రీ భావన గురించి ఉపన్యాసం ఇస్తే ఆయన మొహం మనం చూడలేం.

అశోకుడి మిగతా బతుకు తొందరగా చెప్తాను. పట్టాభిషేకమైన ఇరవై ఏళ్లకు లుంబిని పోయి, బుద్ధుడు పుట్టిన ఊరని అక్కడి పన్ను తగ్గించాడు. కూతురు సంఘమిత్త బోధివృక్షం కొమ్మను సింహళానికి తీసుకుపోయిందని అక్కడి గ్రంథాలు చెప్తాయి. అనురాధపురంలో ఆ చెట్టు ఇవాళ్టికీ చిగురిస్తోంది. సారనాథ్ స్తంభం మీది సింహాలు 1950లో మన దేశానికి గుర్తయ్యాయి. మీ జేబులో నోటు తీసి చూడండి. సింహాల కాళ్ల కింద ఒక పక్క ఎద్దు, ఒక పక్క గుర్రం ఉంటాయి. అసలు స్తంభం మీద వెనకవైపు ఏనుగూ ఇంకో సింహమూ నడుస్తుంటాయి.

క్రీ.పూ. 232 ప్రాంతంలో పోయాడు. చివరి రోజుల గురించి ఉత్తరాది బౌద్ధుల్లో ఒక కథ ఉంది. మంత్రులు ఖజానా మూసేశారట. ఇవ్వడానికి ఏమీ మిగలక, చేతిలో ఉన్న సగం ఉసిరికాయను సంఘానికి పంపాడట. దాన్ని నూరి అందరి గంజిలోనూ కలిపారట. కథే అనుకోండి. జంబూద్వీపం ఏలినవాడి చేతిలో చివరికి ఒక చెట్టు కాయ ఉందని చెప్పుకోవడం మనవాళ్లకు నచ్చింది.

తర్వాత ఆ లిపి జనం మర్చిపోయారు. చెయ్యేటి ఒడ్డున నందలూరు దగ్గరి స్తూపాలు కూడా శిథిలమైపోయాయి. 1837లో ప్రిన్సెప్ ఆ అక్షరాలు చదివాడు. 1915లో మాస్కిలో అశోకుడన్న పేరు దొరికింది. 1928-29లో అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఎర్రగుడి గుట్ట మీద రాళ్లు చూడబోయి రాతలు చూశాడు. ఆ మధ్యలో రెండు వేల ఏళ్లు. ఆ రాతలు చదవగలిగినవాడు అక్కడ ఒక్కడూ లేడు. మధ్యాహ్నం ఎండకు ఎన్ని మందలు ఆ బండల నీడన పడుకుని నెమరు వేశాయో, ఎంతమంది కాపరులు ఆ అక్షరాలకు వీపు ఆనించి కునుకు తీశారో.